పెద్దవాళ్ల నడక తడబడుతుంటే: ఇంట్లో చేసే పరీక్షలు, వ్యాయామాలు, కర్ర, వాకర్

కాళ్లలో పట్టు తప్పుతున్న పెద్దవాళ్లకి ఇంటిల్లిపాదీ చెప్పే సలహా ఒకటే: "రోజూ నాలుగడుగులు నడువు, అదే సర్దుకుంటుంది." చాలామందికి అది సర్దుకోదు. కుర్చీలోంచి లేవడానికి తొడలో బలం లేనివాళ్లకి, ఒంటికాలి మీద ఒక్క క్షణం నిలవలేనివాళ్లకి ఎంత నడిచినా ఆ బలం, ఆ నిలకడ రావు. తూలే కాళ్లతో ఎక్కువసేపు నడిస్తే పడిపోయే ప్రమాదమే పెరుగుతుంది. నడకలో ఏ ముక్క చెడిందో ముందు కనిపెట్టాలి. లేవడమా, నిలబడడమా, అడుగు ఎత్తడమా, వెనక్కి తిరగడమా, దమ్ము చాలకపోవడమా? ఆ ముక్కకి విడిగా వ్యాయామం ఇచ్చి, బలం వచ్చాక నడకలో కలపాలి. ఫిజియోథెరపీలో అసలు పని ఇదే.

మన వైపు ఫిజియోథెరపీ అంటే "కరెంటు పెట్టించుకోవడం" అన్న పేరు పడిపోయింది. ఆ మిషన్లు నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, అంతవరకే. నడకని ఏ మిషనూ బాగుచెయ్యదు. పావుగంట కరెంటు పెట్టి, రెండు నిమిషాలు కాలు ఆడించి పంపేసే చోట నెలల తరబడి డబ్బు పోస్తే మిగిలేది ప్రయాణం బడలికే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లలు విశాఖకో హైదరాబాదుకో పనులకి వెళ్లిపోయి, పెద్దవాళ్లూ ఒక కోడలో పొరుగామో మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇక్కడ చెప్పేవన్నీ అలాంటి ఇంట్లో ఉన్న సామానుతోనే చేసుకునేవి. పక్కన ఒక మనిషి మాత్రం ఉండాలి.

ముందు: ఇది ఆసుపత్రి పనా?

కొన్ని ఇబ్బందులకి వ్యాయామం మొదలుపెట్టకూడదు. ఉన్నట్టుండి ఒక కాలో చెయ్యో పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపలే పనికొస్తుంది. అందుకే మనిషి మామూలుగా ఉండగా ఆఖరుసారి ఎప్పుడు చూశారో ఆ టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పాలి.

పడిన తర్వాత తుంటి దగ్గర నొప్పి, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగిపోవడం, కాలు మోపలేకపోవడం కనిపిస్తే తుంటి ఎముక విరిగిందనే అనుకోవాలి. నాటు కట్టు, నూనె మర్దనా వద్దు. తలకి చిన్న దెబ్బే తగిలినా, కొన్ని వారాల తర్వాత నడక తూలడం, మత్తు, తలనొప్పి మొదలైతే మెదడు చుట్టూ నెత్తురు చేరి ఉండొచ్చు. రక్తం పలచనయ్యే మాత్రలు వాడేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని పిసకకూడదు, లోపల నెత్తురు గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. కాళ్ల బలహీనతతో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగం మొద్దుబారినా అదే రోజు డాక్టరు చూడాలి.

ఇవేవీ లేకుండా నెలల తరబడి మెల్లగా చెడుతున్న నడకకే తర్వాత చెప్పేవన్నీ.

నడక ఏం చెబుతోంది

వీధిలోనో పొడుగాటి వసారాలోనో ఒక పది అడుగులు నడిపించి, వెనక నుంచి, పక్క నుంచి చూడండి. ఫోన్‌లో వీడియో తీసి ఉంచితే డాక్టరుకి, ఫిజియోకి మీ వర్ణన కంటే అదే ఎక్కువ చెబుతుంది. పంచె, చీర మోకాలి దాకా ఎత్తి కట్టుకోమనండి, పాదం కనబడాలి.

అడుగులు చిన్నచిన్నగా, పాదాలు నేలకి రాసుకుంటూ, మనిషి ముందుకి వంగి, చేతులు ఊగకుండా నడుస్తూ, గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతే అది పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) నడక. ఒక కాలు బిగుసుకుని బయటి నుంచి అర్ధచంద్రంలా తిరిగి వస్తే పాత పక్షవాతం. మోకాలు బాగా పైకెత్తి, పాదం టప్‌మని నేలకి కొడుతుంటే పాదం పైకి లేపే నరం దెబ్బతింది. అడుగడుగుకీ ఒళ్లు ఒక పక్కకి ఊగుతుంటే ఆ పక్క తుంటి కీలో, పిరుదు పక్క కండరమో బలహీనం. కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తూ, చీకట్లోనూ, మొహం కడుక్కోవడానికి కళ్లు మూసుకున్నప్పుడూ ఎక్కువగా తూలితే పాదాల్లో స్పర్శ పోయింది. సుగర్ దానికి పెద్ద కారణం, బీ12 విటమిను లోపం ఇంకొకటి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే సుగర్ మాత్ర వాడేవాళ్లకి బీ12 పరీక్ష ఒకసారి చేయించడం మంచిది.

కాస్త దూరం నడిచేసరికి రెండు కాళ్లూ బరువెక్కి, అరుగు మీద కూర్చున్నా ముందుకి వంగినా తేలికపడితే నడుములో నరాల దారి ఇరుకైంది. ఇలాంటివాళ్లు సైకిలు మాత్రం హాయిగా తొక్కుతారు. అలాకాక పిక్క పట్టేసి, ఊరికే నిలబడినా తగ్గిపోతే రక్తనాళాలు పూడుకుంటున్నాయి. చుట్ట తాగేవాళ్లలో ఇది చూడాలి, మన పల్లెల్లో అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే ఆడవాళ్లలో కూడా. పాదం మీద నాడి అందుతుందో లేదో డాక్టరుతో చూపించాకే నడక పెంచాలి.

నడక చెడడంతో పాటు మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం మూడూ కలిసి వస్తే "వయసు" అని వదిలెయ్యకండి. మెదడులో నీరు చేరడం వల్ల అలా అవ్వొచ్చు, కొందరికి ఆపరేషన్‌తో నడక తిరిగొస్తుంది.

కొలిచి చూడడం

ఎలా ఉందని అడిగితే "ఏటీ నేదు, బాగానే ఉన్నాను" అనేస్తారు. కొలిస్తేనే తెలుస్తుంది. కావలసినవి గట్టి కుర్చీ, టేపు, ఫోన్‌లోని స్టాప్‌వాచ్. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది, కాళ్లు విచ్చుకుంటుంది. చెక్క కుర్చీ తెచ్చి గోడకి ఆనించండి. కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్ల దరిదాపు ఉండాలి.

మొదటిది, 30 సెకన్ల పరీక్ష. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లు 11, మగవాళ్లు 12 సార్లు కూడా లేవలేకపోతే బలం తక్కువని. 70 నుంచి 74 మధ్య ఈ లెక్క 10, 12. 75 నుంచి 79కి 10, 11. 80 నుంచి 84కి 9, 10. చేతుల సాయం లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే లెక్క సున్నా వేసుకోండి. మొదలుపెట్టాల్సింది అక్కడే.

రెండోది, కుర్చీ నుంచి 3 మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. "లే" అనగానే లేచి, మామూలుగా నడిచే చెప్పులతో, మామూలు వేగంతో గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. టైము ఒక్కటే చూడకండి. ఎక్కడ తడబడ్డారో చూడండి. లేవడంలోనే రెండు మూడు ప్రయత్నాలు అయ్యాయా, తిరగడానికి అయిదారు చిన్న అడుగులు వేశారా, కుర్చీ ఇంకా అందకుండానే కూలబడ్డారా?

మూడోది నిలకడ. గోడ పక్కన నిలబెట్టి, మీరు ఇంకోపక్క ఉండాలి. పాదాలు దగ్గరగా పెట్టి 10 సెకన్లు, ఒక పాదం సగం ముందుకి జరిపి 10 సెకన్లు, ఒక మడమకి రెండో కాలి వేళ్లు తగిలేలా ఒకే గీత మీద 10 సెకన్లు, ఆఖరున ఒంటికాలి మీద. మూడోదైన గీత నిలకడ 10 సెకన్లు నిలవకపోతే నిలకడ వ్యాయామాలే ముఖ్యం.

ఈ అంకెలు క్యాలెండరు మీద తేదీతో రాసి పెట్టండి. నాలుగు వారాలకోసారి మళ్లీ కొలవాలి.

ఇంకో కొలత బీపీది. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడాలి. పై అంకె 20, కింది అంకె 10 పడిపోతే లేవగానే కళ్లు తిరగడానికి కారణం అదే. కాళ్ల వ్యాయామంతో అది పోదు. నిద్ర మాత్రలు, బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, మత్తు కలిగించే జలుబు మందులు అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. మీ అంతట మీరు ఆపకండి.

నొప్పి మాత్రల గురించి మన జిల్లాల్లో గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీలని దెబ్బతీస్తాయి. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి రోజూ వేసుకోవడం ఎక్కడైనా తప్పే, ఉద్దానంలో మరీను. క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించి, ఏది వేసుకోవచ్చో డాక్టరుని అడగాలి. నొప్పికి పైపూత, వేడి కాపడం, వ్యాయామం ముందు రావాలి.

బలం పెంచే వ్యాయామాలు

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. సోమ, బుధ, శుక్ర అనుకుంటే గుర్తుంటుంది. భోజనం చేసిన వెంటనే వద్దు, గంటన్నర ఆగాలి. వేసవిలో మన కోస్తా ఉక్కలో పొద్దున్న ఏడులోపు అయిపోవాలి.

బరువుకి ఇసుక సంచులు కుట్టుకోండి. పాత చీర ముక్కలో అరకిలో ఇసుక పోసి, జారకుండా రెండు మూడు అరలుగా కుట్టి, చీలమండకి కట్టే తాళ్లు పెట్టాలి. మొదటి వారం సంచి లేకుండా, తర్వాత అరకిలోతో. పదిసార్లు ఎత్తేసరికి ఆఖరి రెండూ కష్టంగా అనిపించాలి, అదే సరైన బరువు. పదేసి సార్లు రెండు విడతలు తేలిగ్గా వచ్చేస్తుంటే ఇంకో అరకిలో కలపాలి. చాలా ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది. మొదటి రోజు నేర్పిన వ్యాయామమే ఆరు నెలలు అదే బరువుతో చేస్తుంటారు, కండకి కష్టం తెలియదు, బలం పెరగదు, "చేశాం, ఏమీ లాభం లేదు" అని మానేస్తారు.

కుర్చీలోంచి లేవడం అన్నిటికంటే ముఖ్యం. కుర్చీ అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి, తుంటి వెడల్పున. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, అప్పుడు లేవాలి. వెనక్కి వాలి లేద్దామని చూసేవాళ్లు మళ్లీ కుర్చీలోనే పడతారు. అది బలం లేక కాదు, వంగక. లేవలేనివాళ్లకి కుర్చీ మీద దుప్పటి రెండు మూడు మడతలు వేసి ఎత్తు పెంచండి. పదిసార్లు వస్తే ఒక మడత తీసెయ్యండి. కూర్చునేటప్పుడు నాలుగైదు సెకన్లు తీసుకుని మెల్లగా దిగాలి, కండ ఎక్కువ పెరిగేది ఆ దిగడంలోనే.

కుర్చీలో కూర్చుని కాలు చాచడం తొడ ముందు కండరానికి. సంచి కట్టి, మూడు సెకన్లలో మోకాలు పూర్తిగా చాచి, పాదాన్ని తనవైపు లాక్కుని, అయిదు సెకన్లలో దించాలి. మోకాలు వాచి నొప్పిగా ఉన్నవాళ్లు మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు సెకన్లు పట్టి ఉంచడంతో మొదలుపెట్టాలి.

కాలు పక్కకి ఎత్తడం చాలామంది వదిలేస్తారు. ఒళ్లు ఊగుతూ నడిచేవాళ్లకి ఇదే మందు. వంటింటి గట్టు పట్టుకుని నిటారుగా నిలబడి, కాలివేళ్లు ముందుకే చూస్తుండగా కాలు పక్కకి ఒక జానెడు ఎత్తాలి. ఒళ్లు అవతలికి వంగితే లెక్కలోకి రాదు. ఎత్తు తగ్గినా ఫరవాలేదు, ఒళ్లు కదలకూడదు.

మడమలెత్తి వేళ్ల మీద నిలబడడం, వేళ్లెత్తి మడమల మీద నిలబడడం పదేసి సార్లు. రెండోది పాదం నేలకి రాసుకోకుండా కాపాడుతుంది.

విడతకీ విడతకీ మధ్య ఒకటి రెండు నిమిషాల విశ్రాంతి ఇవ్వండి. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఎగబాకుతుంది. "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెట్టమంటే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉండొచ్చు. పదికి నాలుగైదు మించకుండా, మర్నాటికి తగ్గిపోతే ఆ మోతాదు సరిపోయింది. మర్నాడు మోకాలు వాచితే బరువు సగానికి తగ్గించాలి, మానెయ్యకూడదు. ఛాతీలో నొప్పి, మాట్లాడలేనంత ఆయాసం, కళ్లు తిరగడం వస్తే ఆ రోజుకి ఆపి డాక్టరుకి చెప్పాలి.

తిండి లేకుండా కండ రాదు. గంజన్నం, పచ్చడితో సరిపెట్టుకునే పెద్దవాళ్లకి పూటకొక గుడ్డో, గట్టి పప్పో, ఉలవలో, చేపో పడాలి. చోడి (రాగి) అంబలి ఎముకలకి కావలసిన సున్నానికి, అంటే కాల్షియానికి, మంచిదే. ఎండుచేప బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు వల్ల వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

నిలకడ, ఆపైన నడక

నిలకడ వ్యాయామం రోజూ చెయ్యొచ్చు, పది నిమిషాలు చాలు. గది మూలలో గోడలకి వీపు పెట్టి నిలబెట్టి, ఎదురుగా కుర్చీ పెట్టండి. ఎటు తూలినా ఆసరా ఉంటుంది. పైన చెప్పిన నాలుగు నిలకడల్లో ఏది కష్టమో అదే సాధన. ముందు రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, తర్వాత ఒక వేలుతో, ఆఖరున పట్టు లేకుండా. పట్టుకుని చేస్తూనే ఉండిపోతే చేతికి పని నేర్పినట్టవుతుంది, కాళ్లకి కాదు. కొంచెం తూలాలి, పడకూడదు. మెదడు నేర్చుకునేది ఆ తూలును సర్దుకోవడంలోనే.

ఇది కుదిరాక గోడ పక్కన పక్కనడక, వెనకనడక, గీత మీద నడక పదేసి అడుగులు. నేల మీద నాలుగు చీపురుపుల్లలు అడుగు దూరంలో పరిచి దాటించండి. నడుస్తూ తల కుడికి, ఎడమకి తిప్పమనండి. నడుస్తూ కూరగాయల పేర్లు చెప్పమనండి. మాట మొదలవగానే నడక ఆగిపోతే, సంతలో ఎవరో పలకరించినప్పుడు పడేది వీళ్లే.

దమ్ము కోసం నడక వేరు. రెండు నిమిషాలు నడిచి, ఒక నిమిషం కూర్చుని, అలా అయిదు విడతలు. వారానికోసారి నడిచే భాగం ఒక నిమిషం పెంచాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. నడుము నరాల ఇరుకు ఉన్నవాళ్లు నొప్పి ముదరకముందే కూర్చోవాలి. మనిషికి తనదైన గురి ఒకటి ఉంటే ఇదంతా సాగుతుంది. "వచ్చే రథసప్తమికి అరసవల్లిలో నీ కాళ్ల మీద నువ్వే నిలబడాలి" అంటే లేచే మామ్మ, "ఆరోగ్యానికి మంచిది" అంటే లేవదు.

కర్ర ఏ చేత్తో?

ఎక్కువమంది తప్పు చేత్తో పట్టుకుంటారు. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడికాలు, ఎడమచేతి కర్ర కలిసి ముందుకి, తర్వాత ఎడమకాలు. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే ఒళ్లంతా ఆ కాలి మీదే వాలుతుంది.

ఎత్తు కొలవడానికి, రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టి చేతులు కిందికి వదలమనండి. మణికట్టు దగ్గరి ముడత ఎంత ఎత్తులో ఉందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగి ఉంటుంది. కర్ర పొడుగైతే భుజం పైకి లేస్తుంది, పొట్టిదైతే నడుము వంగుతుంది. పొలం గట్ల మీద పెద్దవాళ్లు పట్టుకునే నిలువెత్తు వెదురుకర్ర తూలకుండా ఆపుతుంది కానీ మోకాలి బరువు తీసుకోదు. దేనికి వాడుతున్నారో చూసుకోవాలి. కింద రబ్బరు తొడుగు అరిగి నున్నబడితే తడి గచ్చు మీద కర్రే జారుతుంది, నెలకోసారి తిరగేసి చూడండి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలూ కర్రా ముందు. రెయిలింగ్ ఉంటే దాన్నే పట్టుకోవాలి, కర్ర రెండో చేతిలోకి.

వాకర్‌కీ ఎత్తు లెక్క అదే. కొనే ముందు బాత్‌రూమ్ తలుపు వెడల్పు కొలవండి, వాకర్ పట్టక బయటే వదిలేసి గోడ పట్టుకుని వెళ్లి పడేవాళ్లు తక్కువేం కాదు. వాకర్‌ను చేయి చాచినంత ముందుకి తోసెయ్యకూడదు. కాస్త ముందు పెట్టి, నాలుగు కాళ్లూ నేలకి ఆనాక, బలహీనమైన కాలు దాని మధ్యకి వెయ్యాలి, తర్వాత రెండో కాలు. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ను పట్టుకుని లాక్కుంటే అది మీద పడుతుంది, చేతులతో కుర్చీని నొక్కి లేచి అప్పుడు పట్టుకోవాలి. కూర్చునేటప్పుడు పిక్కలకి కుర్చీ తగిలేదాకా వెనక్కి రావాలి.

కింద పడితే లేవడం

ఇది ముందే నేర్పాలి. నేర్పేటప్పుడు తిరగేసి నేర్పండి, అంటే మంచం దగ్గర ఒక మోకాలు వంచి లేవడం మొదట, మోకాళ్ల మీద నుంచి లేవడం తర్వాత, పడుకున్న స్థితి ఆఖరున. కింద దుప్పటి పరచాలి. నిజంగా పడినప్పుడు వరస ఇది:

1. వెంటనే లేవకూడదు. ఊపిరి తీసుకుని, చేతులు కాళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకోవాలి. ఎక్కడైనా తట్టుకోలేని నొప్పి ఉంటే కదలకుండా పిలవాలి.
2. బలమైన వైపుకి పక్కకి దొర్లాలి. పైకాలు మోకాలు వంచి, పై చెయ్యి ముందు నేలకి పెట్టాలి.
3. మోచేతి మీద, తర్వాత అరచేతుల మీద బరువు వేసి, అరచేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి పాకే భంగిమలోకి రావాలి.
4. అలాగే పాకుతూ గట్టి మంచం దగ్గరికో, బల్ల దగ్గరికో చేరాలి.
5. రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమైన కాలి పాదాన్ని ముందుకి తెచ్చి నేలకి ఆనించాలి.
6. చేతులతో నొక్కుతూ ఆ కాలితో లేచి, పిరుదులు తిప్పి మంచం మీద కూర్చోవాలి. రెండు మూడు నిమిషాలు కూర్చున్నాకే నడక.

చుట్టుపక్కలవాళ్లు చంకల్లో చేతులు వేసి పైకి లాగకూడదు. మోకాళ్ల దగ్గరికి కుర్చీ తెచ్చిపెట్టడమే మంచి సాయం. ఒంటరిగా ఉండేవాళ్లు ఫోన్‌ని మెడలో చిన్న సంచిలో వేలాడదీసుకోవాలి, బల్ల మీది ఫోన్ నేల మీద పడినవాళ్లకి అందదు.

జబ్బుని బట్టి మార్పులు

పక్షవాతం వచ్చినవాళ్లలో మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత మెల్లగా. కుర్చీలోంచి లేచేటప్పుడు పడిపోయిన కాలి పాదాన్ని కాస్త వెనక పెట్టించండి, లేకపోతే మంచి కాలే పని అంతా చేస్తుంది. ఆ వైపు చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుంది, నడుముకి వెడల్పాటి గుడ్డ బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. పాదం వేలాడుతుంటే దాన్ని ఎత్తి పట్టే చీలమండ ఆసరా పట్టీ పెట్టిస్తే పడడం తగ్గుతుంది. బంతి పిసకమని అందరూ చెబుతారు, వేళ్లు ఇప్పటికే బిగుసుకుని ముడుచుకున్న చేతికి అది పనికిరాదు. వేళ్లు తెరవడం సాధన చెయ్యాలి.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి వ్యాయామం మాత్ర పనిచేస్తున్న వేళలో పెట్టాలి, చాలామందికి వేసుకున్న ముప్పావు గంట, గంట తర్వాత. కాళ్లు అతుక్కుపోయినప్పుడు ముందుకి లాగకండి. ఆగి, నిటారుగా నిలబడి, బరువు కుడికి ఎడమకి మార్చి, "ఒకటి రెండు మూడు" అని పెద్ద అడుగు వెయ్యమనండి. గుమ్మం ముందు నేల మీద అడుగు దూరంలో తెల్ల టేపు గీతలు అంటిస్తే వాటిని దాటుతూ వెళ్లిపోతారు. ఉన్నచోటే గిర్రున తిరగకూడదు, కాస్త చుట్టు తిరిగి రావాలి. చేతిలో కాఫీ గ్లాసుతో నడవనివ్వకండి.

పాదాల్లో స్పర్శ పోయిన సుగర్ మనిషి ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి. వెనక పట్టీ ఉన్నవి, గట్టి అడుగు ఉన్నవి. మెత్తటి హవాయి చెప్పుల్లో నేల తెలియదు, జారిపోతాయి కూడా. రోజూ రాత్రి అరికాళ్లు చూడాలి, కంటికి ఆనకపోతే ఇంకెవరైనా చూడాలి.

బోదకాలు ఉన్నవాళ్లకి కాలి బరువే నడకని మార్చేస్తుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, కాలికి కట్టు కట్టుకుని, ఆ కట్టుతోనే వ్యాయామం చెయ్యాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టి పాదం పైకి కిందికి ఆడించాలి. కాలు ఎర్రబడి జ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం పూర్తి విశ్రాంతి.

తుంటి ఆపరేషన్ అయినవాళ్లు కాలి మీద ఎంత బరువు వెయ్యొచ్చో, పీట మీద కూర్చోవచ్చో లేదో ఆపరేషన్ చేసిన డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

ఇల్లు

నులకమంచం కుంగిపోతుంది, అందులోంచి లేవడం బలమున్నవాళ్లకే కష్టం. మోకాలి ఎత్తున్న గట్టి మంచం వెయ్యండి. గడపని తొక్కకూడదు కాబట్టి కాలు ఎత్తి దాటాలి, ఆ క్షణం ఒంటికాలి మీదే నిలబడతారు. ద్వారబంధానికి నిలువు పిడి ఒకటి బిగిస్తే చాలు. పెరట్లో నూతి దగ్గర వానాకాలం పాచిని బ్లీచింగ్ పౌడరుతో వారానికోసారి గీకాలి. దొడ్డికి వెళ్లే దారిలో రాత్రంతా చిన్న బల్బు, కరెంటు పోతే తలగడ కింద టార్చి. మరుగుదొడ్డి గోడకి గట్టి పిడి పెట్టాలి, తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువుకి ఊడొస్తుంది. కింద కూర్చునే దొడ్డి అయితే దాని మీద కమోడ్ కుర్చీ వేసుకోవచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ముందు డాక్టరుకి చూపించి, ఫిజియోథెరపీకి రాయించుకోండి. బయట ఎవరి దగ్గరికి వెళ్లినా బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మొదటి రోజు నడిపించి చూడనివాళ్లు, కుర్చీలోంచి లేపి చూడనివాళ్లు, ఇంటికి వ్యాయామం రాసి ఇవ్వనివాళ్లు అయితే ఇంకొకరిని చూసుకోండి. రోజూ ఆటోలో తీసుకెళ్లలేకపోతే వారానికి ఒకసారి చూపించి బరువు, కొత్త వ్యాయామం మార్పించుకుని, మిగతా రోజులు ఇంట్లో చేయించినా సరిపోతుంది.

60 ఏళ్లు నిండిన పేదవాళ్లకి చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ లాంటివి ఉచితంగా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే నెల్లూరు జిల్లాలో మొదలైంది. శిబిరాలు పెట్టి కొలతలు తీసుకుని ఇస్తారు. ఎప్పుడు పెడతారో సచివాలయంలోనో, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567లోనో కనుక్కోండి. ఇచ్చిన కర్రని ఇచ్చినట్టే వాడకుండా, పిడి ఎత్తు మణికట్టు ముడతకి సరిచేశాకే చేతికివ్వండి.